అంగన్‌వాడీ కొలువునకు అర్జీ

తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెలలో ఏదో యొక నాడు పంచాయతీ కార్యాలయపు గోడమీద ఒక కాగితము కనబడును. ఆ యూరి అంగన్‌వాడీ కేంద్రమునకు కార్యకర్త కావలెననియో, సహాయకురాలు కావలెననియో, అర్హులైన స్త్రీలు ఫలానా తేదీలోపల అర్జీలు పెట్టుకొనవలెననియో అందు వ్రాసియుండును. పొద్దు గ్రుంకునప్పటికి ఆ వార్త ఊరెల్ల వ్యాపించును. పాలకేంద్రము వద్ద వరుసలో నిలుచున్న కోడలు, వేరుసెనగ చేనిలో కలుపు తీయుచున్న యిల్లాలు, పదవ తరగతి ప్యాసై పెండ్లియై యింట నున్న యువతి, అందరును దానిని గూర్చియే మాటలాడుకొందురు.

ఆ మాటల నడుమ తప్పక వినవచ్చు వాక్యము ఒకటి కలదు. చంద్రగిరి ప్రాంతమున నే నెరిగిన యొక యువతి నాతో ఆ వాక్యమునే అన్నది: "పిల్లోళ్ళను చూసుకునేదానికి నేర్చుకునేది ఏముండాదక్కా? ఇద్దరిని కని పెంచినాను గదా!" ఆమె కథను ముందు చెప్పెదను. ఇప్పుడు ఆ వాక్యమును గూర్చి ఒక్కమాట.

పసిపిల్లల పోషణకు నేర్పు అక్కరలేదను నమ్మకము రెండు విధముల హాని చేయుచున్నది. అర్జీ పెట్టు స్త్రీ సిద్ధపడక వెళ్ళును. చేతికి రావలసిన కొలువు చేజారును. మరియు లోకమంతయు అట్లే నమ్మినందువలన ఈ పనికి ముట్టు ప్రతిఫలము అల్పముగా నుండిపోయినది. నేటి ప్రసంగములో నేను చెప్పదలచినది ఒక్కటే. పిల్లలను సాకుట ఒక విద్య. కుట్టుపనికి, కాంపౌండరు పనికి, బడిపంతులు పనికి మన మెట్లు నేర్చి సిద్ధపడుదుమో, ఈ కొలువునకును అట్లే సిద్ధపడవలెను.

ఇది విద్యయని గుర్తించినవారు మన దేశమున నూరేండ్ల క్రిందటనే యుండిరి. గుజరాతులోని భావనగరమున గిజూభాయి బధేకా అను వకీలు, న్యాయవాద వృత్తిని విడిచి, 1920లో పసివారికొక బాలమందిరమును నెలకొల్పెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ అనునామె తరువాత మహారాష్ట్రమున సముద్రతీరపు గ్రామమైన బోర్డీలో 1945 మొదలుకొని పేదపిల్లల కొరకు పనిచేసినది. పిల్లలు బడికి రానిచో బడియే పిల్లల వద్దకు పోవలెనని తలచి, ఆమెయు ఆమె సహచరి అనూతాయి వాఘును వారి గుడిసెల ముంగిళ్ళలోనే బడి నడిపిరి. మరాఠీ, హిందీ భాషలలో 'ఆంగన్' అనగా ముంగిలి. 'అంగన్‌వాడీ' అను పేరు ఆ ముంగిలి నుండి వచ్చినది. చింతచెట్టు నీడను చాప పరచి కూర్చున్న పిల్లలను చూచినప్పుడు ఆ పేరునకు గల అర్థము మనకు సులభముగా బోధపడును.

స్వాతంత్ర్యానంతరము మన తెలుగు బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు మొదటి అధ్యక్షురాలైనది. ఆ బోర్డు చేయూతతో పల్లెలలో బాలవాడీలు వెలసినవి. పిదప 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, దేశమందలి 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమైనది. నాడు కార్యకర్తకు ముట్టినది మెట్రిక్యులేషను ప్యాసైనచో నెలకు 150 రూపాయలు, కానిచో 100 రూపాయలు. దానిని జీతము అనలేదు. గౌరవ వేతనము అనిరి. ఆ మాట నేటికిని వదలలేదు. ఆంధ్రప్రదేశమున నేడు ఇట్టి కేంద్రములు ఏబదివేలకు పైగా నున్నవి.

ఇక కొలువు స్వరూపమును చూతము. కేంద్రమున ఇద్దరు పనిచేయుదురు. ఒకరు కార్యకర్త, ఊరివారు టీచరమ్మ అందురు. రెండవవారు సహాయకురాలు, ఊరివారు ఆయా అందురు. ఆయా గదిని ఊడ్చును, నీళ్ళు పట్టును, వండి వడ్డించును, ఇంటింటికి పోయి పిల్లలను పిలుచుకొని వచ్చును, మలమూత్రములను శుభ్రపరచును. టీచరమ్మ మూడు నుండి ఆరేండ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పును. అంతటితో ఆమె పని ముగియదు. గర్భవతుల పేర్లు నమోదు చేయవలెను, బాలింతలను చూడవలెను, ఏడవ నెల నుండి మూడేండ్ల వరకు గల పిల్లల యిండ్లకు బాలామృతము చేరవేయవలెను, టీకాల రోజున నర్సమ్మకు తోడుండవలెను, బిడ్డల బరువును ఎత్తును కొలిచి వ్రాయవలెను. 2021 నుండి ఈ లెక్కలన్నియు పోషణ్ ట్రాకర్ అను పేరుగల ఫోను యాప్‌లో ఎక్కించవలసి వచ్చినది. కావున ఈ కొలువున వంట, వైద్యము, చదువు, లెక్కలు, ఫోను అన్నియు కలిసియున్నవి. నేర్చుకొనునది ఏమున్నదని యిక ఎవరనగలరు?

అర్జీ విషయమునకు వచ్చెదను. మన ప్రాంతమున ఇటీవల వెలువడిన ప్రకటనలను బట్టి చూడగా, కార్యకర్త పదవిని కోరు స్త్రీ వివాహితయై యుండవలెను. వయస్సు 21 మొదలు 35 లోపల నుండవలెను. పదవ తరగతి ప్యాసై యుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, ఆ కేంద్రము ఏ గ్రామమున నున్నదో ఆ గ్రామమునకు స్థానికురాలై యుండవలెను. షెడ్యూల్డు కులముల, తెగల నివాసములలోని కేంద్రములకు ఆ వర్గముల స్త్రీలే అర్హులు. మిగిలినచోట్ల ఏ పదవి ఏ వర్గమునకు చెందునో ప్రకటనలోనే తెలుపుదురు. నియమములు ప్రకటనకును ప్రకటనకును మారుట కలదు. కావున పొరుగింటివారి మాటపై ఆధారపడక, ప్రకటనను ఆద్యంతము చదువవలెను. సందేహమున్నచో శిశు అభివృద్ధి పథక అధికారి కార్యాలయమునకు పోయి అడుగవలెను. ఆ కార్యాలయమునే జనులు సీడీపీఓ ఆఫీసు అందురు.

'స్థానికురాలు' అనుమాట దగ్గర పెక్కుమంది పొరబడుదురు. నేను చెప్పిన చంద్రగిరి ప్రాంతపు యువతి కథ యిదియే. ఆమె పుట్టినిల్లు ఒక మండలము, మెట్టినిల్లు మరియొక మండలము. అత్తవారి యూరిలో కార్యకర్త పదవి ఖాళీ యైనది. ఆమెకు పదవ తరగతిలో మంచి మార్కులున్నవి. పెండ్లికి ముందు కళాశాలలో చేరుట కొరకు తీసికొనిన నివాస ధ్రువపత్రము పెట్టెలో నుండెను. దానినే నకలు తీసి అర్జీకి జతపరచినది. అది పుట్టినింటి పత్రము. వివాహిత విషయమున స్థానికత మెట్టినింటిని బట్టి చూతురు. పైగా మార్కుల పత్రములో పుట్టినింటి యింటిపేరు, ఆధారు కార్డులో అత్తవారి యింటిపేరు ఉన్నవి. రెండును ఒకరివేయని తెలుపు కాగిత మేదియు ఆమె పెట్టలేదు. అర్జీ పరిశీలన నాడే తొలగిపోయినది. ఆమెను మౌఖిక పరీక్షకు పిలువనేలేదు.

పట్టణమున నున్నవారికి ఇది చిన్న నష్టముగా తోచవచ్చును. ఒకటి పోయిన మరియొకటి యనుకొందురు. కాని పల్లెలో కేంద్రము ఒక్కటి. అందు కార్యకర్త పదవి ఒక్కటి. ఒకసారి నిండినచో అది మరల ఖాళీ యగుటకు ఇరువది, ముప్పది యేండ్లైనను పట్టవచ్చును. అంతలో అర్జీదారునకు 35 ఏండ్లు దాటును. ఆ యువతికి అప్పటికే 31 నిండినవి. ఒక కాగితము, అదియును తహసీల్దారు కార్యాలయమున అర్జీ యిచ్చి పొందదగిన కాగితము, ఆమె జీవితమున అంత పని చేసినది.

కావున సోదరీమణులారా, ప్రకటన రాకముందే కాగితములను కూర్చుకొని యుంచుడు. పదవ తరగతి మార్కుల పత్రము, పుట్టినతేదీకి ఆధారము, కుల ధ్రువపత్రము, మెట్టినింటి చిరునామాతో తహసీల్దారు ఇచ్చిన నివాస ధ్రువపత్రము, వివాహమునకు ఆధారము, ఆధారు కార్డు, వీనిని ఒక సంచిలో భద్రపరచుడు. భర్తను కోల్పోయినవారు ఆయన మరణ ధ్రువపత్రమును, వికలాంగులు వైద్యులిచ్చిన ధ్రువపత్రమును, అనాథలుగా పెరిగినవారు ఆ సంగతి తెలుపు పత్రమును తప్పక జతపరచవలెను. పేర్లలో తేడా యున్నచో ముందే సరిచేయించుకొనవలెను. సమయము చాలనిచో నోటరీ యెదుట ప్రమాణపత్రము వ్రాయించి, అది చెల్లునా యని కార్యాలయమున అడిగి జతపరచవలెను. నకళ్ళపై గెజిటెడ్ అధికారి సంతకము కావలెనన్నచో కడపటి దినము వరకు ఆగరాదు. అర్జీని చేతికిచ్చినచో రసీదు పుచ్చుకొనుడు. తపాలాలో పంపినచో రిజిస్టరు చేయుడు.

మార్కుల పద్ధతిని గూర్చి ఊళ్ళలో అనేక వదంతులు పుట్టుచుండును. మన రాష్ట్రమున కార్యకర్తల ఎంపికలో పాటింపబడుచు వచ్చిన పద్ధతి యిది. మొత్తము 100 మార్కులు. అందు పదవ తరగతిలో సాధించిన మార్కులకు 50. శిశుసంరక్షణలోనో, పూర్వప్రాథమిక విద్యలోనో శిక్షణ పొందియున్నచో 5. వితంతువునకు 5, ఆమెకు మైనరు పిల్లలున్నచో మరి 5. తల్లిదండ్రులు లేక బాలసదనము వంటిచోట పెరిగినవారికి 10. వికలాంగులకు 5. మౌఖిక పరీక్షకు 20. ఈ లెక్కను శ్రద్ధగా చూచినవారికి రెండు సంగతులు తెలియును. బడిలో కష్టపడి తెచ్చుకొనిన మార్కులే సగము బలము. మిగిలిన సగములో, మన చేతిలో నున్నవి శిక్షణయు మౌఖిక పరీక్షయు మాత్రమే.

మౌఖిక పరీక్ష అనగానే మన స్త్రీలు బెదరుదురు. అధికారుల యెదుట నోరు పెగలదు. దీనికి ఉపాయము ఒక్కటే: ఎరిగినదానిని చెప్పుటకు భయముండదు. కావున ఎరుగవలెను. మీ యూరి కేంద్రమునకు నాలుగు దినములు పోయి, టీచరమ్మ అనుమతితో ఒక మూల కూర్చుండి చూడుడు. బరువు తూచునప్పుడు బిడ్డ బట్టలను ఎందుకు తీయింతురు? రెండేండ్లలోపు బిడ్డను పరుండబెట్టి పొడవు కొలుతురు, ఆపై వయస్సు బిడ్డను నిలువబెట్టి ఎత్తు కొలుతురు, కారణమేమి? బిడ్డ జబ్బచుట్టు కొలుచు రంగుల పట్టీ ఏమి చెప్పును? ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో అది తీవ్రమైన కృశత్వము. ఆ బిడ్డను వెంటనే వైద్యుల వద్దకు పంపవలెను. 11.5 మొదలు 12.5 లోపల నున్నచో మధ్యమస్థితి. తిండి విషయమున కనిపెట్టి యుండవలెను. ఇట్టి మాట ఒకటి అధికారుల ముందు నిదానముగా చెప్పగలిగిన స్త్రీకి వేరు సిఫారసు అక్కరలేదు.

రాగి సంగటియు చెనక్కాయల పచ్చడియు తిని పెరిగిన ప్రాంతము మనది. రాగులలో సున్నపు సత్తువ, చెనక్కాయలలో మాంసకృత్తులు ఉన్నవని పుస్తకములు చెప్పుచున్నవి. మూడేండ్ల బిడ్డకు అదే సంగటిని ఎంత మెత్తగా చేసి, దేనితో కలిపి, దినమునకు ఎన్నిమార్లు పెట్టవలెను? పెద్దల కడుపు వేరు, పసికడుపు వేరు. కొంచెము కొంచెముగ పలుమార్లు పెట్టవలెనన్న సంగతి ఇద్దరు బిడ్డలను పెంచిన తల్లికి ఒకప్పుడు తెలియును, ఒకప్పుడు తెలియదు. తెలిసినను కారణము చెప్పలేదు. ఇతరుల బిడ్డలు ఇరువదిమంది యెదుట నున్నప్పుడు, వారి తల్లులకు నచ్చజెప్పుటకు ఆ కారణమే కావలెను.

మన సరిహద్దు జిల్లాలకు ప్రత్యేకమైన మరియొక నేర్పు కలదు. నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతములలో తమిళము మాటలాడు ఇండ్లు అనేకము. కుప్పము మూడు రాష్ట్రములు కలియుచోట నున్నది. అక్కడ తమిళము, కన్నడము తెలుగుతో పాటు వినబడును. పడమటి తండాలలో సుగాలీల బిడ్డలు ఇంట తమ భాషయే పలుకుదురు. శ్రీకాళహస్తి ప్రాంతపు యానాదుల తెలుగునకు ఒక ప్రత్యేకమైన యాస కలదు. మూడేండ్ల బిడ్డ మొదటిసారి తల్లి కొంగు వదలి వచ్చిననాడు "దాహము" అను మాటను ఏ భాషలో చెప్పునో టీచరమ్మకు తెలియవలెను. తెలియనినాడు ఆ బిడ్డ దాహముతోనే ఏడ్చి నిద్రపోవును. ఆ యూరి భాషలో నలువది మాటలైనను నేర్చుకొని పోయినచో అది పరీక్షలోను పనికివచ్చును, పరీక్షానంతరమును పనికివచ్చును. బిడ్డ యింటి పలుకును గేలిచేయక, దానిమీదనే కొత్త పలుకును నేర్పవలెనని శిశువిద్యలో అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఆటపాటల కొరకు డబ్బు పోసి సామగ్రి కొననక్కరలేదు. చింతగింజలతో లెక్క నేర్పవచ్చును. మామిడి టెంకలతో, గులకరాళ్ళతో పెద్ద చిన్న అను భేదము చూపవచ్చును. చెరువు మట్టితో బొమ్మలు చేయింపవచ్చును. తిరుపతి కొయ్యబొమ్మలు రెండున్నచో ఒక కథయే నడుపవచ్చును. పూర్వము రేడియోలో పిల్లల కార్యక్రమములను నిర్వహించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగువారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని పిలుచుకొనిరి. పిల్లలకు వినిపించుట కంటె పిల్లలచేత పలికించుట గొప్పయని వారు ఆచరణలో చూపిరి. ఆ పద్ధతి నేటి అంగన్‌వాడీకిని వర్తించును.

ఇక ప్రతిఫలమును గూర్చి దాపరికము లేక చెప్పవలెను. 2019లో ఆంధ్రప్రదేశమున కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, సహాయకురాలికి 7,000 రూపాయలు గౌరవ వేతనముగా నిర్ణయింపబడినవి. వీరు ప్రభుత్వోద్యోగులు కారని 2006లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పినది. అయినను 2022 ఏప్రిలు 25వ తేదీన అదే న్యాయస్థానము, గుజరాతు కార్యకర్తల వ్యాజ్యములో, 1972 నాటి గ్రాట్యుటీ చట్టము అంగన్‌వాడీ కార్యకర్తలకును సహాయకురాండ్రకును వర్తించునని తీర్పు చెప్పినది. గౌరవ వేతనమను పేరున్నను అది పనికి ముట్టు వేతనమే యని ఆ తీర్పు సారము. మన రాష్ట్రమున కార్యకర్తలు, ఆయాలు వేతనపు పెంపు కొరకు 2023 డిసెంబరు 12 నుండి 2024 జనవరి 22 వరకు 42 దినములు సమ్మె చేసిరి. నడుమ అత్యవసర సేవల చట్టమును ప్రయోగించిరి. కడకు కొన్ని కోరికలు ఒప్పుకొనబడినవి. విరమణ వయస్సును 62 ఏండ్లకు పెంచుట అందొకటి. ఈ చరిత్రను తెలిసికొని అర్జీ పెట్టవలెను. ఇది సేవయే, కాని సేవ యన్నంతమాత్రమున కూలి తక్కువై యుండవలెనను నియమము లేదు. పని విలువ యెరిగిన స్త్రీయే దానికి తగిన ప్రతిఫలమును అడుగగలదు.

ఒక హెచ్చరిక. ప్రకటన వెలువడిన వెంటనే "నాకు పెద్దవారు తెలుసును, ఇంత యిచ్చిన పని యగును" అనుచు తిరుగువారు కొందరు బయలుదేరుదురు. పుస్తెలు కుదువబెట్టి అట్టివారికి డబ్బిచ్చి, కొలువును సొమ్మును రెండును పోగొట్టుకొనిన కుటుంబములు కలవు. అర్జీకి డబ్బు అక్కరలేదు. ఎంపిక న్యాయముగా జరుగలేదని తోచినచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద మీ మార్కుల వివరములను వ్రాతపూర్వకముగ అడుగవచ్చును. మనకు రాని కొలువు ఎందుచేత రాలేదో తెలిసికొనుట అవమానము కాదు. మరుసటి అర్జీకి అది మొదటి పాఠము.

కార్యకర్త పదవి దొరకనంత మాత్రమున ఈ విద్యకు ద్వారములు మూసికొనిపోవు. సహాయకురాలి పదవిని చిన్నచూపు చూడరాదు. కేంద్రప్రభుత్వము 2022 ఆగస్టులో వెలువరించిన మార్గదర్శక సూత్రములలో, ఐదేండ్ల అనుభవము గల అర్హులైన సహాయకురాండ్రతో కార్యకర్తల పదవులు సగము, అట్లే కార్యకర్తలతో పర్యవేక్షకుల పదవులు సగము నింపవలెనని చెప్పబడినది. మరియు తల్లిదండ్రులు లేని శిశువులను పెంచు శిశుగృహములలోను, బాలసదనములలోను ఆయా పనులుండును. శ్రీసిటీ వంటి చోట్ల కర్మాగారములకు పోవు తల్లులు పెరిగినకొలది, పగటిపూట బిడ్డలను చూచు శిశుసదనముల అవసరమును పెరుగుచున్నది. తిరుపతి పట్టణమున ప్రైవేటు శిశుపాఠశాలలు అనేకము కలవు. ఇక్కడి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున గృహవిజ్ఞాన శాఖ యున్నది. ఆర్థికశక్తి గలవారు తమ కుమార్తెలను ఆ చదువునకు పంపవచ్చును. పూర్వప్రాథమిక విద్యలో ఇంటరు చదివిన కార్యకర్తలకు ఆరు నెలల శిక్షణ, అంతకు తక్కువ చదివినవారికి ఒక సంవత్సరపు డిప్లొమా ఇప్పింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. ఆరేండ్లు నిండకముందే మెదడు పెరుగుదలలో నూటికి 85 వంతులకు పైగా జరిగిపోవునని ఆ విధానపత్రమే పేర్కొన్నది. అంతటి వయస్సు మన కార్యకర్తల చేతిలో పెట్టబడుచున్నది.

ఇప్పుడు ఆ చంద్రగిరి ప్రాంతపు యువతి కథను ముగించెదను. ఆ మొదటి ప్రకటనలో కార్యకర్త పదవి ఆ యూరనే యున్న మరియొక యిల్లాలికి వచ్చినది. ఇద్దరి యిండ్లును ఒకే వీథి. కొన్నాళ్ళు ఈమె ఆ కేంద్రము ముందుగా నడువలేదు. తన చిన్నబిడ్డను కూడ అచటికి పంపలేదు. బిడ్డ మాత్రము తోటిపిల్లల వెంట తానే పోయి కూర్చుండెడిది. పిలుచుకొని వచ్చుటకు పోయి పోయి, ఈమె గడపలో నిలిచి చూచుట మొదలుపెట్టినది. బరువులు తూచునాడు సాయము పట్టినది. రెండేండ్లకు ఆ కేంద్రపు ఆయా వయోపరిమితి నిండి విరమించుకొనగా, సహాయకురాలి పదవికి ప్రకటన వెలువడినది. ఈసారి అత్తవారి యూరి నివాసపత్రము, పేర్లు రెండును ఒకరివేయను ప్రమాణపత్రము, అన్నియు ముందే సంచిలో నున్నవి. ఆమె అర్జీ నిలిచినది. కొలువు వచ్చినది. పదవిని పోగొట్టుకొనినామెయు పదవిని పొందినామెయు నేడు ఒకే గదిలో పనిచేయుచున్నారు. ఒకరి నొకరు వదినా యని పిలుచుకొందురు.

మొన్న కలిసినప్పుడు, "పిల్లలను చూచుటకు నేర్చుకొనునది ఏమున్నదని యంటివే, గుర్తున్నదా?" అని అడిగితిని. ఆమె నవ్వి, కొంచె మాలోచించి యిట్లన్నది: "మూడు నెలలు పట్టిందక్కా. పిల్లోడు ఏడిస్తే అది ఆకలా, భయమా, జ్వరమా అని తెలిసేదానికి. మా ఇంట్లో ఇద్దరు ఏడిస్తే నాకు తెలిసేది. ఈడ ఇరవైమంది. ఒక్కొక్కరిది ఒక్కొక్క ఏడుపు."

కొలువు కోరు సోదరీమణులారా! మీ సంచిలో కాగితములు సరిగా నుండవలెను. వానితో పాటు, ఈ ఒక్కొక్క యేడుపును వేరువేరుగా వినదలచిన చెవియు మీకు ఉండవలెను. మీ యూరి గోడమీద ఆ కాగితము ఏనాడు కనబడునో చెప్పలేము. రేపే తహసీల్దారు కార్యాలయమునకు పోయి నివాసపత్రమునకు అర్జీ యిచ్చి రండు. వచ్చుదారిలో కేంద్రము గడపలో ఒక గడియ నిలిచి చూడుడు.